అత్తయ్య కిటికీ

ఆ ఎండాకాలం మా వీధి ఉన్నట్టుండి అందగత్తె అయిపోయింది. నగరం మొత్తంలో పాతకాలపు అందం చెక్కుచెదరకుండా ఉన్నది మా వీధిలోనేనని ఎవరో పత్రికలో రాశారట. ఆ రాసినవాడు మా మెట్లు ఎక్కి ఉండడు. పాతకాలపు అందమంటే ఏమిటో మాకు అప్పటిదాకా తెలియదు. గోడలకి చెమ్మెక్కడం తెలుసు. చెక్క బాల్కనీ మీద ఇద్దరు కలిసి నిలబడకూడదని తెలుసు. వాన పడితే ఏ గదిలో ఏ మూల గిన్నె పెట్టాలో తెలుసు. వాటన్నిటికీ కలిపి అందం అని పేరు పెట్టారు. వీధిలో అందరూ సరే అనుకుని మురిసిపోయారు.

నేను మురవలేదు. నాకు చిన్నప్పట్నుంచీ అనుమానం ఎక్కువ. ఇంట్లో నన్ను డిటెక్టివు అనేవారు. ఊరికే ఎవరైనా నవ్వితే, ఎందుకు నవ్వారో తేలేదాకా నాకు ముద్ద దిగదు. అలాంటిది ముక్కూమొహం తెలియని జనం గుంపులు గుంపులుగా వచ్చి, మా గుమ్మం వైపు చూసి, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు నవ్వుతుంటే ఎలా ఊరుకుంటాను?

మా వీధిలో ఎదురెదురుగా ఇద్దరు గొడుగులు వేసుకొస్తే ఒకళ్ళు గొడుగు మూయాల్సిందే. పరిచిన రాళ్ళు జనం నడిచి నడిచి మధ్యలో పల్లంగా అరిగిపోయాయి. పై అంతస్తుల కిటికీలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి, ఎదురింట్లో మొగుడూ పెళ్ళాం గుసగుసగా పోట్లాడుకున్నా మనం తీర్పు చెప్పొచ్చు. మెట్లు దిగడానికి బద్ధకించే పైవాళ్ళు తాడు కట్టిన బుట్ట కిందికి వదిలితే, పాలవాడూ కూరలవాడూ అందులో సరుకు వేసి పంపుతారు. ఈ బుట్టల్ని చూసి వచ్చినవాళ్ళు తెగ ముచ్చటపడేవారు. బుట్ట పైకి వెళ్తున్నంతసేపూ ఫోటోలే ఫోటోలు.

మాది కుర్చీల పని. కింది గదిలో నాన్న చట్రాలు బిగిస్తాడు, విరిగిన కాళ్ళూ చేతులూ అతుకుతాడు. పేము నానబెట్టడం, గరుకు కాగితంతో చెక్క రుద్దడం, వార్నిష్ పూయడం నా వంతు. అన్నయ్య బేరాలు చూసుకుంటాడు. సీట్లు అల్లేది మాత్రం మా మేనత్త, నాన్నకి అక్క. సన్న పేము బద్దలతో నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆపైన రెండు వైపుల నుంచీ ఐమూలలు. అల్లిక పూర్తయితే తేనెపట్టులా ఉంటుంది. దానికి మంచి వెలుతురు కావాలి. అందుకే వీధివైపు పెద్ద కిటికీ ఉన్న పై గది అత్తయ్యది. ఆవిడకి పెళ్ళి కాలేదు. కాలేదో, చేసుకోలేదో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అన్నయ్య ఆ గది మాట ఎత్తింది ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"ఈ వీధిలో గది ఖాళీగా ఉందంటే చాలు, బయటివాళ్ళు వరసకట్టి దిగుతున్నారు. వస్తారు, ఉంటారు, ఫోటోలు తీసుకుంటారు, పోతారు. మన పై గదే చూడండి, వీధివైపు అంత పెద్ద కిటికీ..."

"అది అత్తయ్య గది," అన్నాను.

"కాదన్నానా? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. రోజూ ఆ మెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టం! కింద వెనకగది బాగుచేయిస్తే సుఖంగా ఉంటుంది కదా అని."

వెనకగదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా దీపం వెయ్యాలి. వార్నిష్ డబ్బాలు, నానిన పేము వాసన, పైన దూలానికి వేలాడే పాత కుర్చీలు. బాగుచెయ్యమని ఇచ్చి తిరిగి తీసుకెళ్ళని కుర్చీలని మా తాత అమ్మనిచ్చేవాడు కాదట. ఎప్పటికైనా వస్తారని దూలానికి కట్టేసేవాడు. నాన్నదీ అదే పద్ధతి. ఆ కుర్చీల కింద అత్తయ్య మంచం వేస్తారన్నమాట. పైగా ఆ చీకట్లో ఆవిడ అల్లేదేముంటుంది? ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక సగం పని ఎలాగూ పోయింది. మిగతా సగం కూడా పోతుంది.

నాన్న కంచంలోంచి తల ఎత్తలేదు. వదిన లేచి కూర గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మా ముందే ఉంది.

అత్తయ్య నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "సరే నాయనా. కాస్త ఎండలు తగ్గనీ. వానలు మొదలయ్యేలోపు దిగిపోతాను."

అంతే. అన్నయ్య మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మా అత్తయ్య ఉప్పు డబ్బా ఇటునుంచి అటు జరిపినా ఒప్పుకునే మనిషి కాదు. ఆవిడ సరే అన్నదంటే, అది సరే కాదు. ఏమిటో మాత్రం అంతుబట్టలేదు.

ఎర్రగొడుగు మా వీధిలోకి దిగింది ఆ రోజుల్లోనే. అతని అసలు పేరు మేమెవ్వరం అడగలేదు. జనం తప్పిపోకుండా ఎర్రటి గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచేవాడు. వెనకాల పదిమందో పదిహేనుమందో మెడలు చాచుకుని వచ్చేవారు. ఒక్కో ఇంటి ముందూ ఆగి ఒక్కో కథ చెప్పేవాడు. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆవిడ కొట్టు ముందు నిలబడి, ఆ ఇంటి తలుపు తాళం చెవి ఒక రాజుగారు మింగేశాడని చెప్పాడు. తాళాలావిడ నోరు తెరుచుకుని విన్నది. మర్నాటి నుంచి తనే ఆ కథ మొదలుపెట్టి చెప్పేది, ఏ చెవో కూడా చూపించేది.

మా ఇంటి ముందు మొదటిసారి ఆగినప్పుడు నేను గుమ్మంలోనే కూర్చుని కుర్చీకాలు రుద్దుతున్నాను.

"ఆ పై కిటికీ చూడండి," అన్నాడు గొంతు తగ్గించి. "మెల్లిగా. అందరూ ఒక్కసారే తలెత్తకండి. ఆవిడ ఒకాయన కోసం ఎదురుచూస్తోంది. వయసులో ఉండగా కూర్చుంది ఆ కిటికీలో. ఇంకా లేవలేదు."

పదిమందీ ఒక్కసారే తలెత్తారు. ఒకావిడ అయ్యో అని గుండెమీద చెయ్యి వేసుకుంది. నేనూ చూశాను. అత్తయ్య తలా భుజాలూ కనిపిస్తున్నాయి. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. వీధి చివరికి చూస్తోంది, ఎవరో వస్తామని మాటిచ్చినట్టు. ఆ సమయానికి ఆవిడ తల వంచుకుని పేము లాగుతూ ఉండాలి. చూపు వీధిలో ఎందుకుంది?

గుంపు కదిలాక అతన్ని ఆపాను. "ఏమండీ, మా అత్తయ్య ఎదురుచూస్తోందని మీతో ఎవరు చెప్పారు?"

"మరి రోజూ అక్కడ కూర్చుని ఏం చేస్తారమ్మా?"

"పని చేసుకుంటుంది."

"పని చేసుకునేవాళ్ళని చూడ్డానికి ఇంతదూరం ఎవరొస్తారు చెప్పండి?" అని నవ్వేసి గొడుగెత్తుకుని వెళ్ళిపోయాడు. నవ్వాడు. అది గుర్తుపెట్టుకున్నాను.

ఇంట్లో చెబితే ఎవరికీ పట్టలేదు. అన్నయ్య "పోనీలే, ఆ వంకన ఆగి మనం చేసే చిన్న పీటలు కొంటున్నారు" అన్నాడు. వదిన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అంత నవ్వాల్సిన సంగతేమీ కాదు. నాన్న, ఒక చెవి సరిగ్గా వినపడదు కాబట్టి, వినపడని చెవి నావైపు తిప్పాడు. అత్తయ్యని అడుగుదామని పైకి వెళ్తే, "ఎవడో ఏదో వాగితే నాకేమే, ఆ సన్న కట్ట ఇంకా నానలేదు, మళ్ళీ నీళ్ళలో వెయ్యి" అని నా చేతిలో పెట్టింది.

ఇంత మాత్రానికే అయితే నేనూ వదిలేసేదాన్నేమో. కొన్నాళ్ళ తర్వాత ఎర్రగొడుగు కథలో కుర్చీ వచ్చింది.

"వెళ్ళిపోయే ముందు ఆయన ఈ ఇంట్లో ఒక కుర్చీ బాగుచెయ్యమని ఇచ్చి వెళ్ళాడు," అంటున్నాడు. "ఎడమచెయ్యి విరిగిన కుర్చీ. బాగుచేశారు. తీసుకెళ్ళడానికి ఆయన రాలేదు. ఇప్పటికీ అమ్మలేదు. లోపలెక్కడో దూలానికి వేలాడుతూ ఉంది."

నా చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. జనం అటు వెళ్ళగానే వెనకగదిలోకి పరిగెత్తి దీపం వేశాను. వేలాడే కుర్చీల్లో వెతికితే ఒకటి దొరికింది. ఎడమచేతికి అతుకు. నాన్న అతుకు కాదు, తాత కాలం నాటిది. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గదిలో తిరుగుతున్నాను, నేనే ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు. ఎర్రగొడుగు మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. మరి ఎవరు మోశారు ఈ కబురు?

ఆ రాత్రి అన్నయ్యా వదినా మెల్లిగా మాట్లాడుకుంటుంటే ఒక ముక్క చెవిన పడింది. వెనకగదికి సున్నం వేసేవాడు వచ్చే వారం వస్తాడట. ఇక నాకు కూపీ లాగక తప్పలేదు. ఇంటి గుట్టు ఒకడికి చేరుతోంది. అతను ఆ గది మీద కన్నేశాడో, ఇంటి మీదే కన్నేశాడో తెలియాలి. ఏదైనా, నష్టపోయేది అత్తయ్యే.

నా అనుమానం ముగ్గురి మీద. మొదట వదిన మీద. వెనకగది ఖాళీ చేస్తున్నది తనే, ఆ కుర్చీ చూసే ఉంటుంది. పైగా ఈ కథ పాకితే అద్దెకి దిగేవాళ్ళకి "ఎదురుచూసిన గది ఇదే" అని చూపించొచ్చు, గిరాకీ పెరుగుతుంది. రెండు, తాళాలావిడ. ఆవిడ కొట్టు మధ్యాహ్నానికి ఉడికిపోతుంది కాబట్టి మా ఇంటి నడవలో వచ్చి కూర్చుంటుంది. నోట్లో నువ్వుగింజ నానదు. మూడు, నాన్న. ఇంట్లో మౌనంగా ఉంటాడు గానీ, టీకొట్టు దగ్గర ఆయన మాట్లాడేది విన్నవాళ్ళు వేరే మనిషనుకుంటారు.

ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం చెబుదామనుకున్నాను. ఏ అబద్ధం ఎర్రగొడుగు నోట్లోంచి బయటికొస్తే, ఆ అబద్ధం తిన్నవాళ్ళే దొంగ.

వదిన వంటింట్లో గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చున్నాను.

"వదినా, ఎవరితోనూ అనకు. అత్తయ్య సంగతి నాకు తెలిసింది. అతను సిపాయట."

వదిన చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"అది చెప్పను."

"పాపం," అన్నది వదిన. గిన్నె మళ్ళీ తోమడం మొదలుపెట్టింది, ముందుకన్నా గట్టిగా. ఆ పాపం ఎవరి మీదో తెలియలేదు. రాసిపెట్టుకోవలసిన సంగతి అనుకున్నాను.

నాన్నతో ఇంకో రకంగా. వినపడే చెవి వైపు నిలబడి, "నాన్నా, వెనకగదిలో ఎడమచెయ్యి అతికిన కుర్చీ ఉంది చూడు, అది ఇచ్చినాయన ఫిడేలు వాయించేవాడటగా?" అన్నాను.

నాన్న చట్రానికి చీల కొడుతున్నాడు. కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. "అయ్యుంటుంది," అన్నాడు.

"అంటే నీకు తెలుసా?"

"కుర్చీలు తీసుకెళ్ళనివాళ్ళు రకరకాలుగా ఉంటారమ్మా."

ఆయన దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

తాళాలావిడకి చెప్పడం అన్నిటికన్నా తేలిక. నడవలో చల్లగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను ఒక్క నిట్టూర్పు విడిచానంతే, "ఏమైందే పిల్లా" అని దగ్గరికి జరిగింది. ఓడలో వంటవాడట పిన్నీ అన్నాను. ముక్కుమీద వేలేసుకుంది. "అదా సంగతి! అందుకే మీ అత్తయ్యకి ఎవరి వంటా నచ్చదు," అన్నది. నా అబద్ధానికి ఆవిడ అక్కడికక్కడే సాక్ష్యం కూడా తెచ్చేసింది.

ఇక ఎదురుచూడటం నా వంతు. ఎర్రగొడుగు రోజూ వచ్చాడు. ఎదురుచూపు చెప్పాడు, కుర్చీ చెప్పాడు. సిపాయీ లేడు, ఫిడేలూ లేదు, వంటవాడూ లేడు. నేను గుమ్మంలో కూర్చుని, అరిగిపోయిన కుర్చీకాలునే మళ్ళీ మళ్ళీ రుద్దేదాన్ని. ఇంతలో సున్నం వేసేవాడు వచ్చి వెనకగది చూసి వెళ్ళాడు. వేలాడే కుర్చీలు దించి పక్కకి పేర్చారు. అన్నయ్య అత్తయ్య మంచం కొలత తీసుకుంటుంటే, అత్తయ్య తనే టేపు రెండో కొస పట్టుకుంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట, ఒక్క ఏడుపు, ఒక్క అలక, ఏదో ఒకటి చెయ్యొచ్చు కదా మనిషి!

ఆ సాయంత్రం గుంపు పెద్దది. ఎర్రగొడుగు కథంతా చెప్పి, కుర్చీ దాకా వచ్చి, ఆగాడు.

"ఒక్క హెచ్చరిక," అన్నాడు. "ఈ ఇంట్లో ఆవిడ మేనకోడలు ఒకమ్మాయి ఉంది. ఒకరితో ఆయన సిపాయి అని చెబుతుంది. ఇంకొకరితో ఫిడేలు వాయించేవాడంటుంది. మరొకరితో ఓడలో వంటవాడంటుంది. ఒక్కటి కూడా నమ్మకండి. అసలు సంగతి దాచడానికి ఇంటివాళ్ళు పడే పాట్లు అవన్నీ."

పాతికమంది నావైపు తిరిగారు. నా చేతిలో వార్నిష్ బ్రష్షు, మొహం మీద వార్నిష్. ఎవరో ఫోటో తీశారు.

సిగ్గు తర్వాత పడ్డాను. ముందు లెక్క వేసుకున్నాను. వదినకీ తాళాలావిడకీ మురుగునీళ్ళ గొడవ మీద ఏళ్ళ తరబడి మాటల్లేవు. నాన్న టీకొట్టు దగ్గర ఏమన్నా, తను విన్న ఫిడేలు ఒక్కటే అంటాడు. మూడూ విన్నవాళ్ళు ఎవరు? వంటింట్లో అన్నది, పనిగదిలో అన్నది, నడవలో అన్నది.

ఇంట్లోకి వచ్చి నడవ మధ్యలో నిలబడి పైకి చూశాను. మా ఇంటికి నట్టనడుమ గాలీ వెలుతురూ కోసం పైకప్పు దాకా వదిలేసిన ఖాళీ ఉంది. కింది గదులన్నీ అందులోకే తెరుచుకుంటాయి. కింద చెంచా పడితే పైన చప్పుడు వినపడుతుంది. ఆ ఖాళీకి పై అంచున చెక్క కటకటాలు, కటకటాల వెనక అత్తయ్య గది తలుపు, బార్లా తెరిచి ఉంది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

అత్తయ్య కిటికీ దగ్గర కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. పక్కన తాడు బుట్ట. అందులో ఖాళీ మంచినీళ్ళ గ్లాసు. మధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ, మా కిటికీ కింద నీడలో ఎర్రగొడుగు నిలబడటం నేనెన్నిసార్లు చూశానో! నీళ్ళు తాగుతున్నాడనుకున్నాను. ఇంత అనుమానం మనిషిని, ఆ గ్లాసుని మాత్రం అనుమానించలేదు.

"నువ్వేనా?" అన్నాను.

"ఓడలో వంటవాడేమిటే?" అన్నది అత్తయ్య. "నా బతుక్కి ఇంకెవడూ దొరకలేదా? కాస్త మంచి ఉద్యోగం చెప్పకపోయావా?"

"అత్తయ్యా! ఎందుకు చేశావ్ ఇదంతా? వీధిలో పదిమంది నోళ్ళలో పడి..."

"పడనీ."

కళ్ళద్దాలు పెట్టుకుని నావైపు చూసింది. గొంతు తగ్గించింది. "మీ అన్న మంచివాడే. మంచివాడు కాబట్టే నా మోకాళ్ళ కోసమంటున్నాడు. నేను ఏడిస్తే ఓదారుస్తాడు, ఓదార్చి వెనకగదిలో దింపుతాడు. పోట్లాడితే ముసలిది, చాదస్తం అంటారు. మీ నాన్న అడ్డుపడడు. నువ్వు అరుస్తావు, అరిచి ఊరుకుంటావు. నాకేముంది చేతిలో? వీధిలో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. వాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నంతకాలం నన్నెవరు కదుపుతారు?"

"మరి ఆ కుర్చీ?"

"ఎవడో గుమాస్తాది. బదిలీ అయి వెళ్ళిపోయాడు. మొహం కూడా గుర్తులేదు."

"మొహం గుర్తులేనివాడి కుర్చీకి ఏ చెయ్యి విరిగిందో గుర్తుందా?"

"కుర్చీలు గుర్తుంటాయి నాకు," అన్నది అత్తయ్య, కిటికీ వైపు తిరిగిపోయి. ఆ మాట నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు. కానీ ఆ రోజు మళ్ళీ అడగలేదు. దిగొచ్చేస్తుంటే వెనకనుంచి అన్నది, "రేపు మీ అన్నతో మాట్లాడతాడు ఆ గొడుగువాడు. నువ్వు అక్కడే ఉండి, నోరు మూసుకుని ఉండు."

అన్నంత పనీ అయింది. మర్నాడు ఎర్రగొడుగు మొదటిసారి మా గుమ్మం దాటి లోపలికొచ్చాడు. పనిగదిలో ఒక పీట మీద కూర్చుని, గొడుగు మోకాళ్ళమధ్య పెట్టుకుని, అన్నయ్యతో చాలా బాధగా మాట్లాడాడు.

"పెద్దావిడ కిందికి మారుతున్నారని విన్నానండి. మీ ఇల్లు, మీ ఇష్టం. నేను కాదనను. కాకపోతే ఆ కిటికీలో ఆవిడ లేకపోతే ఈ వైపు తిప్పుకు రావడం దండగ. పక్కవీధిలోంచి తీసుకుపోతాను. అక్కడ ఒక పాత గడియారం ఉంది, ఆగిపోయింది. దానికేదో కథ చూసుకోవాలి."

బయట అప్పుడే ఆగిన ఇద్దరు చిన్న పీటలు చేతుల్లోకి తీసుకుని చూస్తున్నారు. అన్నయ్య వాళ్ళ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. నాన్న చీల కొట్టడం ఆపాడు. నేను నోరు మూసుకుని ఉండటానికి ఎంత అవస్థపడ్డానో నాకే తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యే మొదలుపెట్టాడు. "ఆలోచించాను. అత్తయ్యకి ఆ గది అలవాటైపోయింది. ఈ వయసులో కదపడం బాగుండదు."

"నీ ఇష్టం నాయనా," అన్నది అత్తయ్య, చాలా నీరసంగా. వదిన తలవంచుకుని పెదవి కొరుక్కుంటోంది. తను కూడా అంతా వినే ఉంటుందని అప్పుడు తట్టింది నాకు. వంటింటి తలుపు కూడా ఆ ఖాళీలోకే కదా తెరుచుకుంటుంది. నవ్వుతోందో, ఊపిరి పీల్చుకుంటోందో పోల్చుకోలేకపోయాను.

సంతోషంతో నా కాళ్ళు నేలమీద ఆగలేదు. అది ఎంతోసేపు నిలవలేదు.

"ఒక్కటే అత్తయ్యా," అన్నాడు అన్నయ్య. "ఎలాగూ అక్కడే ఉంటావు కాబట్టి, సాయంత్రం వాళ్ళొచ్చే వేళకి కళ్ళద్దాలు తీసేసి కూర్చో. ఆ పేము కట్టలూ చట్రాలూ కిటికీ దగ్గర కనపడకూడదు. నిన్న ఒకడు ఎర్రగొడుగుని అడిగాడట, ఆవిడ ఏదో కుడుతున్నట్టుందే అని. ఎదురుచూసే మనిషి పని చేసుకుంటుందా? ఆ కాసేపు ఊరికే కూర్చో, చాలు."

మా కిటికీ పడమటి వైపు. అల్లికకి పనికొచ్చే వెలుతురు వచ్చేదే సాయంత్రం. పొద్దున నీడ, మధ్యాహ్నం నడినెత్తిన ఎండ. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అన్నయ్యతో సహా. తెలిసి కూడా మర్చిపోయాడు, కుర్చీలు అల్లిన కాలం పోయి పీటలు అమ్మే కాలం వచ్చేసింది కాబట్టి.

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగింది. తన చేతులవైపే చూసుకుంది. వేళ్ళ చివర్లన్నీ పేము కోసి కోసి గట్టిపడిపోయి ఉంటాయి ఆవిడకి. ఇన్నాళ్ళూ గది పోతుందన్నా చలించని మనిషి కళ్ళు చెమ్మగిల్లడం అప్పుడు చూశాను. నాకు ఏడుపొచ్చింది. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, అక్కడ ఏడ్చాను కూడా. గది గెలిచింది, అందులో తను చేసుకునే పని ఓడిపోయింది. ఇన్ని తెలివితేటలూ చూపించి చివరికి ఆ జనానికి బొమ్మలా కూర్చోవాలా?

"సరే," అన్నది అత్తయ్య వెనకనుంచి. మళ్ళీ అదే సరే. ఈసారి నాకు అనుమానం కలగలేదు. నిజంగానే సరే అనుకున్నాను, అందుకే ఇంకా బాధేసింది.

మర్నాడు సాయంత్రం పైనుంచి పిలుపొచ్చింది. వెళ్ళాను. అత్తయ్య కళ్ళద్దాలు తీసేసి, తల దువ్వుకుని, కిటికీలో సిద్ధంగా కూర్చుంది. కిటికీ గట్టు కింద, వీధిలోకి కనపడని చోట, నేలమీద ఒక చట్రం పెట్టి ఉంది. పక్కన నానిన పేము. సగం వరసలు అప్పటికే అల్లి ఉన్నాయి. కిటికీలోంచి వచ్చిన ఎండ సరిగ్గా దానిమీద పడుతోంది.

"అలా కూర్చో. తల పైకెత్తకు," అన్నది నావైపు తిరక్కుండా.

"నాకు అల్లడం రాదుగా."

"నాకొచ్చు. ఐమూల బద్ద తీసుకో. పైనుంచి వచ్చి కిందికి దూరి..."

కింద రాళ్ళమీద అడుగుల చప్పుడు దగ్గరైంది. గుంపు ఆగింది. ఎర్రగొడుగు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు, వయసులో ఉండగా కూర్చుంది ఆ కిటికీలో అని. అత్తయ్య చూపు వీధి చివర నిలిపింది. ఎండపొడ మొహం మీద పడుతుంటే నేనూ తలెత్తి చూశాను. నిజంగా ఎవరైనా రావాలేమో అనిపించింది. నా వేళ్ళమధ్య పేము జారింది. వేరే రంధ్రంలోంచి లాగేశాను.

"చూడండి, చూడండి," అన్నారెవరో కింద. "ఆవిడ పెదాలు కదులుతున్నాయి!"

"ఆయన పేరు," అన్నాడు ఎర్రగొడుగు మెల్లిగా. "రోజూ ఈ వేళకి అనుకుంటుంది."

ఎవరో ముక్కు చీదుకున్నారు.

"తప్పావు," అంటోంది అత్తయ్య, వీధి చివరి నుంచి చూపు తిప్పకుండా. "విప్పు. ఆ బద్ద మొత్తం విప్పి, మొదట్నుంచీ రా."

విప్పాను.